రెండు గదుల నడుమ రోగి

దేశ రాజధానిలో ఒక వ్యాధికి రాజకీయ ప్రాధాన్యం లభించాలంటే దానికి మూడు అర్హతలలో ఏదో ఒకటి ఉండాలి. అది అంటువ్యాధి కావాలి. లేదా ప్రాణాంతకం కావాలి. ఆ రెండూ కాకుంటే దాని పేరు ఏదో ఒక చట్టం షెడ్యూలులోనో, ఏదో ఒక పథకం పట్టికలోనో చేరి ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కటీ లేని వ్యాధితో బాధపడే మనిషి పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయంలో ప్రస్తావనకు రాడు. బడ్జెట్ పద్దులలో కనిపించడు. అటువంటి ఒక వ్యాధిని గురించి, దానిని పోల్చుకునే పద్ధతిని గురించి, నయం చేసే మార్గాన్ని గురించి, ఆ మార్గం మన ప్రభుత్వ విధానాల సందులలో ఎట్లా తప్పిపోతున్నదో దానిని గురించి ఈ వారం వ్రాయదలిచాను.

చేయి వణుకుతుంది. కాలు చచ్చుబడుతుంది. మెడ ఒక పక్కకు మెలిపడుతుంది. నడక తడబడుతుంది. స్కానింగులో మాత్రం మెదడు నిక్షేపంగా ఉంటుంది. నరాల పరీక్షలలో లోపం కనబడదు. వైద్యులు దీనిని నిన్నమొన్నటి వరకు ‘సైకోజెనిక్’, అనగా మనోజనిత, చలన రుగ్మత అనేవారు. ఇప్పుడు ‘ఫంక్షనల్’ చలన రుగ్మత అంటున్నారు. అంతకు పూర్వం శతాబ్దాల తరబడి దీని పేరు హిస్టీరియా. పల్లెలో దీనిని ‘గాలి సోకింది’ అంటారు. పట్నంలో కొంచెం గొంతు తగ్గించి ‘నాటకం’ అంటారు.

ఇదేదో అపురూపమైన రోగమని పాఠకులు అనుకోనక్కరలేదు. స్కాట్లండులో నరాల వైద్యుల వద్దకు కొత్తగా వచ్చిన 3,781 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో తలనొప్పి ప్రథమ స్థానంలో ఉండగా, ఫంక్షనల్, మానసిక లక్షణాలు ద్వితీయ స్థానంలో నిలిచాయి. నూటికి 16 మంది ఆ కోవకు చెందినవారే. చలన రుగ్మతలు అందులో ఒక ముఖ్యభాగం. వచ్చేవారిలో స్త్రీలు అధికం; అయినా పురుషులు, పిల్లలు, వృద్ధులు కూడ లేకపోలేదు.

పరీక్షకు ఖర్చు లేదు

ఈ వ్యాధిని ఎట్లా పోల్చుకుంటారో చూడాలని ఇక్కడి ఒక ప్రభుత్వ ఆస్పత్రి నరాల విభాగంలో, వైద్యుని అనుమతితోను, రోగుల సమ్మతితోను ఒక ఉదయం కూర్చున్నాను. ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల నుంచి వచ్చిన ఒక రైతు, ఇరవై రెండేళ్ళ కుమార్తెను నడిపించుకుంటూ లోపలికి వచ్చాడు. ఆమె ఎడమకాలు ఎనిమిది నెలలుగా స్వాధీనంలో లేదు. తండ్రి చేతిసంచిలో మూడు స్కానింగులు, ఒక బొత్తి రక్తపరీక్షల కాగితాలు, నాలుగు ఊళ్ళ వైద్యుల చీటీలు ఉన్నాయి. ఒకరు నరం నొక్కుకుపోయిందన్నారట. ఒకరు బలహీనత అన్నారట. మరొకరు పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని సెలవిచ్చారట.

వైద్యుడు ఆమెను బల్లపై పడుకోబెట్టి, ఎడమ మడమ కింద తన అరచేయి ఉంచి, మడమతో కిందికి నొక్కమన్నాడు. ఆమె ముఖం కందిపోయేటంతగా ప్రయత్నించింది; చేతికి ఒత్తిడి తగలలేదు. అప్పుడాయన రెండవ చేతిని ఆమె కుడికాలి మీద ఉంచి, దానిని తోసుకుంటూ కుడికాలు పైకి ఎత్తమన్నాడు. ఆమె ఎత్తింది. ఆ క్షణంలోనే, చచ్చుబడిందనుకున్న ఎడమ మడమ ఆయన అరచేతిని బలంగా కిందికి నొక్కింది. వైద్యుడు తండ్రిని దగ్గరకు పిలిచాడు. “బాబూజీ, మీ చేయి ఇక్కడ పెట్టండి” అని మళ్ళీ అదే పరీక్ష చేయించాడు. ఆ రైతు తన కూతురి కాలిలోని బలాన్ని తన చేతితోనే తెలుసుకున్నాడు.

“బేటీ, నువ్వు నటించడం లేదు. నీ కాలిలో బలం ఉంది, నరం బాగుంది. నువ్వు కావాలని కదిలించబోయినప్పుడు మెదడు ఆజ్ఞ దారి తప్పుతోంది. దీనికి పేరుంది, దీనికి చికిత్స ఉంది” అన్నాడు వైద్యుడు. మరి స్కానింగులో ఎందుకు కనబడలేదని తండ్రి అడిగాడు. “హార్మోనియంలో తిత్తి, మెట్లు అన్నీ బాగానే ఉన్నాయి, రాగం తప్పింది. పెట్టె విప్పి చూస్తే రాగం కనబడుతుందా?” అని ఆయన సమాధానం. పెళ్ళి సంగతి అడిగినప్పుడు మాత్రం ఆయన కంఠం కొంచెం కఠినమైంది. “పెళ్ళి మందు కాదు, బాబూజీ.”

నేను చూసిన ఆ పరీక్ష కొత్తది కాదు. ఛార్లెస్ ఫ్రాంక్లిన్ హూవర్ అనే అమెరికన్ వైద్యుడు దానిని 1908లో వర్ణించాడు. దాని వెనుక ఉన్న సూత్రం సులభం. ఒక కాలు ఎత్తినప్పుడు శరీరం తనను తాను నిలబెట్టుకోవడానికి రెండవ కాలిని అసంకల్పితంగా కిందికి నొక్కుతుంది. మెదడుకో, వెన్నుపాముకో దెబ్బ తగిలి కాలు పడిపోయిన యెడల సంకల్పంతో నొక్కినా, అసంకల్పంగానైనా బలం రాదు. ఫంక్షనల్ బలహీనతలో సంకల్పంతో రానిది, ధ్యాస మరొక కాలి మీదకు పోయినప్పుడు తనంతట తాను వస్తుంది.

వణుకుకూ ఇటువంటి పరీక్షే ఉన్నది. కుడిచేయి వణుకుతున్న రోగిని, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కలుపుతూ విడదీస్తూ వైద్యుడు వేసే తాళానికి అనుగుణంగా కదిలించమంటారు. పార్కిన్సన్ వ్యాధి వలన కలిగిన వణుకు తన లయను తాను విడవదు. ఫంక్షనల్ వణుకు మాత్రం ఎడమచేతి తాళాన్ని అందుకుంటుంది, లేదా ఆగిపోతుంది, లేదా రోగి ఎడమచేతితో ఆ తాళం వేయలేకపోతాడు. ఇటువంటి పరీక్షలకు యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. శిక్షణ పొందిన రెండు చేతులు, పది నిమిషాల ఓపిక ఉంటే చాలును.

ఒకమాట మాత్రం చెప్పక తప్పదు. ఏ ఒక్క చిహ్నాన్నో పట్టుకుని తీర్పు చెప్పరాదు. పార్కిన్సన్ వ్యాధి ఉన్న మనిషికే ఫంక్షనల్ వణుకు కూడ తోడు కావచ్చు. కనుక ఈ నిర్ధారణ నరాల వ్యాధులను క్షుణ్ణంగా ఎరిగిన వైద్యుడు చేయవలసినదే. అయినా ఆ వైద్యుడు చేసేది ‘ఏమీ దొరకలేదు గనుక ఇదే అయి ఉంటుంది’ అన్న ఊహ కాదు. ‘ఈ గుర్తు దొరికింది గనుక ఇది’ అన్న నిర్ధారణ. ఈ రెంటికీ గల భేదమే ఈ వ్యాసానికి ప్రాణం.

పారిస్ నుంచి లండన్ దాకా

ఈ భేదం వైద్యులకు బోధపడడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. హిస్టీరియా అన్న మాటకు మూలం గర్భాశయానికి గ్రీకు భాషలో ఉన్న పేరు. ప్రాచీన గ్రీకు వైద్యులు ఇది గర్భాశయం వలన వచ్చే స్త్రీల రోగమని తలచారు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆస్పత్రిలో జాఁ మార్టిన్ షార్కో దీనిని నాడీమండల వ్యాధిగా పరిగణించి, పురుషులలో కూడ ఇది ఉన్నదని చూపాడు. 1885-86లో ఆయన వద్ద కొన్ని నెలలు చదువుకుని వియన్నాకు తిరిగి వెళ్ళిన యువ వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. మనస్సులో అణగిన వేదన శరీర లక్షణంగా ‘మారుతుంది’ అన్న ఫ్రాయిడ్ సిద్ధాంతం ప్రచారంలోకి వచ్చిన తర్వాత ఈ రోగులు నరాల వైద్యుని గదిలో నుంచి మనోవైద్యుని గదిలోకి బదిలీ అయ్యారు.

ప్రథమ ప్రపంచయుద్ధం గర్భాశయ సిద్ధాంతాన్ని శాశ్వతంగా పాతిపెట్టింది. ఫ్రాన్స్ కందకాలలో నుంచి వేలాది సైనికులు వణుకుతున్న చేతులతో, వంగిన నడుములతో, చచ్చుబడిన కాళ్ళతో వెనుకకు రాసాగారు. ‘షెల్ షాక్’ అన్న పేరుతో ఛార్లెస్ మయర్స్ 1915లో వారిని గురించి వైద్యపత్రికలో వ్రాశాడు. ఆర్థర్ హర్స్ట్ అనే బ్రిటిష్ వైద్యుడు అటువంటి సైనికుల నడకను, వారు కోలుకున్న తీరును చలనచిత్రంగా తీయించాడు. లండన్‌లో లూయిస్ యెలండ్ విద్యుత్ ఘాతాలతో చికిత్స సాగించాడు. రోగిని నొప్పించి అయినా లొంగదీయాలన్న ఆలోచన అప్పటిది. అది ఇంకా పూర్తిగా చావలేదు. స్పృహ తప్పిన యువతికి అమ్మోనియా వాసన చూపించి ‘నాటకం కట్టిపెట్టించే’ ఆనవాయితీ మన ఆస్పత్రుల అత్యవసర విభాగాలలో ఎంత ప్రసిద్ధమో పాఠకులు ఎరుగుదురు.

1965లో మరొక మలుపు వచ్చింది. లండన్‌కు చెందిన ఎలియట్ స్లేటర్, హిస్టీరియా అని నిర్ధారించి పంపిన 85 మంది తర్వాత ఏమయ్యారో వెదికి, వారిలో అనేకులకు నిజానికి ఇతర వ్యాధులు ఉన్నాయని ప్రకటించాడు. వైద్యుని అజ్ఞానానికి ముసుగు తప్ప ఇది వేరొక వ్యాధి కాదన్నది ఆయన వాదన. దానితో ఒక తరం నరాల వైద్యులకు ఈ నిర్ధారణ చేయడమంటేనే భయం పట్టుకున్నది. పొరపాటు పడతామేమోనన్న భయంతో ఒక పరీక్ష తర్వాత మరొక పరీక్ష వ్రాయడం అలవాటైంది. ఆ భయానికి మూల్యం చెల్లించింది రోగి.

ఆ భయం ఎంతవరకు సమంజసమో తేల్చిన పరిశోధన 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. 27 అధ్యయనాలలోని 1,466 మంది రోగుల వివరాలను క్రోడీకరించగా, పొరపాటు నిర్ధారణలు 1950 దశకంలో నూటికి 29, 1960 దశకంలో 17 ఉండగా, 1970 దశకం నుంచి 4కు తగ్గాయని తేలింది. ఇతర నరాల వ్యాధుల నిర్ధారణలో జరిగే పొరపాట్లతో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదు. అనగా అర్ధశతాబ్దిగా వైద్యులకు ఈ వ్యాధిని పోల్చుకోవడం వచ్చును. పోల్చుకున్నామని రోగికి చెప్పడమే రాలేదు.

పేరు ఎందుకు మారింది?

అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన వ్యాధి నిర్ధారణ సంపుటి ఐదవ కూర్పులో ఒక కీలకమైన మార్పు జరిగింది. అంతవరకు ఈ వ్యాధి అని చెప్పాలంటే దాని వెనుక ఒక మానసిక కారణాన్ని చూపవలసి ఉండేది. ఐదవ కూర్పు ఆ నిబంధనను తొలగించి, పరీక్షలో కనబడే గుర్తులకు పెద్దపీట వేసింది. మరుసటి సంవత్సరమే ఎడ్వర్డ్స్, స్టోన్, లాంగ్ అనే ముగ్గురు నరాల వైద్యులు ‘సైకోజెనిక్’ అన్న పేరును వదిలి ‘ఫంక్షనల్’ అనాలని బహిరంగంగా వాదించారు.

ఇది మాటల గారడీ కాదు. పాత పేరు రోగి గతాన్ని తవ్వమనేది. ఇంట్లో కలహమా, ప్రేమ విఫలమైందా, పరీక్ష తప్పిందా అని ఆరా తీసేది. ఏదీ దొరకకపోతే రోగి దాస్తున్నదని నింద. చిన్ననాటి హింస, దుఃఖం, ఒత్తిడి ఈ వ్యాధికి అవకాశాన్ని పెంచుతాయన్నది వాస్తవమే. కాని అవి ప్రతి రోగిలోను ఉండవు. అవి ఉన్న ప్రతి మనిషికీ ఈ వ్యాధి రాదు. పెక్కుమందిలో చీలమండ బెణకడం, జ్వరం, చిన్న ప్రమాదం, శస్త్రచికిత్స వంటి శారీరక సంఘటనతోనే ఇది మొదలవుతుంది.

అసలు జరిగేదేమిటి? అంచుదాకా మజ్జిగ పోసిన గ్లాసును పసివాని చేతికిచ్చి, ‘ఒలకబోయకు, జాగ్రత్త’ అని నాలుగుసార్లు చెప్పండి. వాడు చేతిని చూస్తూ నడుస్తాడు, చేయి వణుకుతుంది, మజ్జిగ ఒలుకుతుంది. తనంతట తాను సాగవలసిన కదలిక మీద ధ్యాస పడినప్పుడు కదలిక చెడుతుంది. ఈ వ్యాధిలో ఆ ధ్యాస, ‘కాలు లేవదు’ అన్న అంచనా రెండూ మెదడులో లోతుగా పాతుకుపోయి, రోగి ప్రమేయం లేకుండానే పనిచేస్తాయని నేటి శాస్త్రజ్ఞుల అవగాహన. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఎనిమిది మంది రోగుల మెదడును, వారికి వణుకు తనంతట తాను వస్తున్నప్పుడు, వారే కావాలని వణుకును అనుకరించినప్పుడు విడివిడిగా చిత్రించారు. మొదటి సందర్భంలో కుడిపక్క కణత, పార్శ్వ భాగాలు కలిసేచోట చురుకుదనం తగ్గింది. ‘ఈ పని నేనే చేశాను’ అన్న స్పృహకు ఆ భాగంతో సంబంధం ఉన్నదని భావిస్తున్నారు. అధ్యయనం చిన్నదే, కాని నటనకూ వ్యాధికీ గల తేడా మెదడులోనే ఉన్నదని అది సూచించింది.

చెప్పడమే తొలి మందు

చికిత్స మొదటి మెట్టు మాట. వ్యాధికి ఫలానా పేరు ఉన్నదని, ఫలానా గుర్తు వలన తెలిసిందని, మెదడు దెబ్బతినలేదు గనుక కోలుకునే అవకాశం ఉన్నదని రోగికి సూటిగా చెప్పాలి. ‘నీకేమీ లేదు, ఇంటికి పో’ అన్న వాక్యం కంటె హానికరమైనది ఈ రంగంలో మరొకటి లేదు. నడవలేని మనిషికి ఏమీ లేదనడం అబద్ధమాడుతున్నావనడంతో సమానం. అవసరం లేని పార్కిన్సన్ మందులను, మూర్ఛ మందులను క్రమంగా ఆపివేయడం కూడ ఈ మెట్టులో భాగమే.

రెండవ మెట్టు ఫిజియోథెరపీ. ఇది ఎముక విరిగిన వారికి చేయించే వ్యాయామం వంటిది కాదు. ఇక్కడ కండరానికి బలం పెంచడం లక్ష్యం కాదు. ధ్యాసను మళ్ళించి మరచిపోయిన కదలికను తిరిగి రప్పించడం లక్ష్యం. ముందుకు నడవలేనివారు వెనుకకు నడవగలుగుతారు. అడుగు వేయలేనివారు తాళానికి అనుగుణంగా వేయగలుగుతారు. బంతి విసురుతూ నిలబడతారు. అద్దంలో తమను తాము చూసుకుంటూ సరిదిద్దుకుంటారు. వచ్చిన ఆ ఒక్క మంచి కదలికను పట్టుకుని దానిని నడకగా పెంచుతారు. ఈ పద్ధతికి సంబంధించిన మార్గదర్శకాలను గ్లెన్ నీల్సన్, ఆయన సహచరులు 2015లో ప్రచురించారు. తొందరపడి చక్రాల కుర్చీనో, కాలికి పట్టీలనో అలవాటు చేయరాదన్నది వాటిలోని ఒక హెచ్చరిక.

మూడవ మెట్టు అవసరమైనవారికి మానసిక చికిత్స. ఆందోళన, క్రుంగుబాటు తోడైన వారికి దాని ప్రయోజనం స్పష్టం. అందరికీ అది తప్పనిసరి కాదు.

ఫలితాల విషయంలో అతిశయోక్తి కూడదు. ఐదు రోజుల ప్రత్యేక ఫిజియోథెరపీని 60 మందిపై పరీక్షించిన బ్రిటిష్ అధ్యయనం 2017లో వెలువడింది. ఆరు నెలల తర్వాత ఆ చికిత్స పొందినవారిలో నూటికి 72 మంది, మామూలు చికిత్స పొందినవారిలో 18 మంది మెరుగుపడ్డారు. దానిని 355 మందితో విస్తరించిన అధ్యయనం ఫలితాలు 2024లో వచ్చాయి. ఏడాది తర్వాత కొలిచిన ప్రధాన కొలమానంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన భేదం కనిపించలేదు; తాము మెరుగుపడ్డామని చెప్పినవారు మాత్రం ప్రత్యేక చికిత్స వర్గంలోనే ఎక్కువ. చాలాకాలం వెంబడించి చూసిన పాత అధ్యయనాలను సమీక్షించినవారు సుమారు నూటికి నలభైమంది రోగులు యథాతథంగానో, అంతకంటె హీనంగానో మిగిలిపోయారని 2014లో తేల్చారు. త్వరగా గుర్తించినవారి పరిస్థితి మెరుగు. కనుక రోగి ఒక గది నుంచి మరొక గదికి తిరుగుతూ పోగొట్టుకునే ప్రతి నెలకూ విలువ ఉన్నది.

ఢిల్లీ పట్టికలో లేని పేరు

మన దేశంలో ఆ నెలలు ఎక్కడ పోతున్నాయి? నరాల వైద్యుడు ‘నా పరిధి కాదు’ అని మనోవైద్యుని వద్దకు పంపుతాడు. ‘నాకు పిచ్చి లేదు’ అని రోగి అక్కడికి పోడు. పోయినా, కాలు పడిపోయిన మనిషిని చూసి మనోవైద్యుడు మరొకసారి స్కానింగు వ్రాసి నరాల వైద్యుని వద్దకే తిప్పి పంపవచ్చు. రెండు గదుల నడుమ ఉన్న వరండాలో రోగి మిగిలిపోతాడు.

ఆ వరండాలో నుంచి దారి దేవాలయానికో, దర్గాకో పోతుంది. రాజస్థాన్ దౌసా జిల్లాలోని మెహందీపూర్ బాలాజీ క్షేత్రానికి ఢిల్లీ నుంచి సైతం ఎంతమంది పోతారో ఇక్కడ అందరికీ తెలుసు. సరిహద్దు దాటి పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లకు పోతే ఇదే బాధకు ‘జిన్ను’ అన్న పేరు వినబడుతుంది. ఆ కుటుంబాలను మూఢులని ఎగతాళి చేయడం సులభం. కాని ఆలోచించండి: అక్కడ వారి బాధకు ఒక పేరు ఇస్తారు; తప్పు రోగిది కాదంటారు; వినడానికి సమయం ఉంటుంది. ఆస్పత్రి ఈ మూడూ ఇవ్వలేనప్పుడు తప్పు భక్తులది మాత్రమే ఎట్లా అవుతుంది? అయితే ఆ దారి చివర ప్రమాదమూ ఉన్నది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన పాకలో నిప్పంటుకుని 28 మంది ఆహుతి అయ్యారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సత్యదూరం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో ఆరంభమైంది. బళ్ళారి జిల్లాలో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ 1980 దశకంలో జరిపిన ప్రయోగం ఆధారంగా జిల్లా కార్యక్రమం 1996లో నాలుగు జిల్లాలలో మొదలు కాగా, వాటిలో నాటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మెదక్ ఒకటి. ఇప్పుడది 767 జిల్లాలకు మంజూరైనట్లు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. 2022 అక్టోబరులో ‘టెలి మానస్’ పేరిట 14416 నంబరుతో ఫోను సేవ వచ్చింది. కాని మనుషులేరీ? ఆరోగ్య శాఖకు సంబంధించిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 2023లో సమర్పించిన నివేదిక ప్రకారం దేశంలో లక్ష జనాభాకు మనోవైద్యులు 0.75 మంది. ఉండవలసినది ముగ్గురు.

ఈ వ్యాధికి కావలసిన ముఖ్య చికిత్స ఆస్పత్రికి వస్తూ పోతూ పొందవలసిన ఫిజియోథెరపీ. 2018 సెప్టెంబరులో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. అయితే అది ఆస్పత్రిలో చేరిన రోగికే. ఔట్‌పేషెంటు ఖర్చు దాని పరిధిలోకి రాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ కూడ శస్త్రచికిత్సలు, ఆస్పత్రిలో చేరి పొందే చికిత్సలు అన్న దృష్టితోనే రూపొందింది. మానసిక వ్యాధికి శారీరక వ్యాధితో సమానంగా బీమా కల్పించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షను ఆదేశిస్తున్నది. ఔట్‌పేషెంటు చికిత్సకు శారీరక వ్యాధికే బీమా లేనిచోట ఆ సమానత్వం వలన ఒరిగేదేమిటి?

ఇక వికలాంగుల హక్కుల చట్టం. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడు. 2016 చట్టంలో అవి ఇరవై ఒకటి. దీర్ఘకాలిక నాడీ వ్యాధుల కింద షెడ్యూలు పేర్కొన్నవి రెండే: మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్. పార్కిన్సన్ వణుకుతో గ్లాసు పట్టుకోలేని మనిషి పేరు పట్టికలో ఉన్నది. ఫంక్షనల్ వణుకుతో గ్లాసు పట్టుకోలేని మనిషి పేరు లేదు. అయితే ఆ రెండు పేర్లకు ముందు చట్టం ‘వంటివి’ అన్న అర్థమిచ్చే మాట వాడింది. ఆ మాటను ఎంత విశాలంగా చదవాలో నిర్ణయించవలసినది ప్రభుత్వమే.

ఈ విషయంలో ఎదురు వాదన లేకపోలేదు. కోలుకునే అవకాశం ఉన్న వ్యాధికి వైకల్య పత్రం ఇస్తే రోగి ఆ పత్రానికే కట్టుబడిపోతాడని వైద్యులు కొందరు నాతో అన్నారు. అది తోసిపుచ్చదగిన మాట కాదు. శాశ్వత పత్రం ఈ రోగులకు మేలు చేయదన్నది నేనూ అంగీకరిస్తాను. కాని చికిత్స సాగే ఏడాది, రెండేళ్ళ కాలానికి ఉద్యోగాన్నో, చదువునో కాపాడే తాత్కాలిక గుర్తింపు వేరు, శాశ్వత ముద్ర వేరు. మొదటిది ఇవ్వకుండా రెండవది ప్రమాదకరమనడం న్యాయం కాదు.

చేయగలిగినవి

ఇందుకు కొత్త ఆస్పత్రులు కట్టనక్కరలేదు. ఢిల్లీలోని షాదరా మానసిక చికిత్సాలయం సుప్రీంకోర్టు జోక్యంతో రూపు మారి, ఇహ్‌బాస్ అన్న సంస్థగా 1993 నుంచి పనిచేస్తున్నది. అక్కడ నరాల వైద్యము, మనోవైద్యము ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. నిమ్‌హాన్స్‌లోను అంతే. ఈ ఏర్పాటును మన రెండు తెలుగు రాష్ట్రాల బోధనాసుపత్రులలో వారానికి ఒక పూట, నరాల వైద్యుడు, మనోవైద్యుడు, ఫిజియోథెరపిస్టు ఒకే గదిలో కూర్చునే పద్ధతిగా ఆరంభించడానికి జీతాల పద్దు పెంచనక్కరలేదు. గంటల పట్టిక మార్చితే చాలును.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఫిజియోథెరపిస్టుకు చోటు కల్పించడం రెండవ పని. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లోనే వచ్చింది. ఫిజియోథెరపీ విద్య దాని పరిధిలోనిది. ఆ విద్యలో ఈ వ్యాధికి సంబంధించిన పాఠం ఉండేటట్లు చూడడం కష్టమైన పని కాదు. ప్రధానమంత్రి పథకంలో ఔట్‌పేషెంటు ఫిజియోథెరపీకి పరిమితంగానైనా వీలు కల్పించడం మూడవది. అదుపు లేని ఖర్చు అవుతుందని ఆర్థిక శాఖ అనవచ్చు. ఒక్కొక్క రోగి నిర్ధారణ కోసం తిరిగి తిరిగి చేయించుకునే స్కానింగుల ఖర్చును ఆ పక్కనే వేసి చూడమని సమాధానం.

వీటన్నిటి కంటె ముందుగా జరగవలసినది వైద్య కళాశాలల్లో, వార్డులలో జరగాలి. నూరేళ్ళకు పైగా వయసున్న ఒక పరీక్షను యువ వైద్యులకు నేర్పాలి. దాని ఫలితాన్ని రోగికి, రోగి తండ్రికి, అత్తగారికి చూపించే మర్యాదను కూడ నేర్పాలి. స్కానింగులో కనబడని బాధను అబద్ధమని కొట్టివేసే అలవాటు ఆస్పత్రులలో ఉన్నంతకాలం, ఆ బాధకు పద్దు కేటాయించవలసిన అవసరం కేంద్ర ప్రభుత్వానికీ కనబడదు. వచ్చే బడ్జెట్ సమావేశాలలో ఆరోగ్య పద్దుపై చర్చ జరిగేనాటికైనా మన పార్లమెంటు సభ్యులలో ఒక్కరు ఈ ప్రశ్న వేస్తే, సమాధానం కోసం ఆరోగ్య శాఖ తన ఫైళ్ళు తెరవవలసి వస్తుంది. ఆ ప్రశ్న వేయడానికి పార్టీ విప్ అడ్డురాదు.